రుబ్బురోలులో పువ్వు

మూడేళ్ల కిందటి దసరా సెలవుల్లో భయపడినంతగా నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ భయపడలేదు. కాన్పు గదిలో కూడా అంత భయపడలేదు. అదేదో దొంగలకో దెయ్యాలకో భయపడ్డానంటే చెప్పుకోవడానికైనా బాగుండేది. నేను భయపడింది నా చేత్తో నేనే రాసిన నాలుగు పేరాలకు.

నేను ప్రేమకథలు రాస్తాను. ఫోన్లో చదువుకునే యాప్‌లో రోజుకో భాగం వస్తుంది. అక్కడ నా పేరు మధురిమ. ఆ పేరెందుకు పెట్టుకున్నానో సురేష్‌కు కూడా చెప్పలేదు. మధురిమ అనగానే వాలుజడ, సన్నజాజులు కళ్ల ముందు కదులుతాయని పాఠకులు కామెంట్లలో రాస్తుంటారు. అసలు మధురిమకు ముప్పై తొమ్మిదేళ్లు, ఎడమ మోకాలు నొప్పి, నంద్యాల సంజీవనగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. పొద్దున సురేష్ విత్తనాల అంగడికి వెళ్లిపోయాక, కుక్కర్ కూతకీ బట్టలుతకడానికీ నడుమ మా హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకుంటాడు. పాలామె తలుపు కొడితే వదిలేస్తాడు. అలా వదిలి పట్టుకుంటూనే ఆరేళ్లలో పదకొండు నవలలు పూర్తి చేశాను.

సురేష్‌కు నేను ఏదో రాస్తానని తెలుసు, చదవడు. పెళ్లయిన ఇల్లాలు ప్రేమలూ ముద్దులూ రాస్తుందని ఆళ్లగడ్డలో మావాళ్లకు తెలిస్తే బాగుండదని మాత్రం ఒకసారి అన్నాడు. అందుకే ఆ ఇంట్లో నేను ఉత్త ప్రసన్ననే.

ఆ ఏడు యాప్ వాళ్లు దసరా పోటీ పెట్టారు. పదిహేను భాగాలూ ముందే పంపేయాలి. పంపాక మార్చడానికి వీల్లేకుండా తాళం పడుతుంది. పాడ్యమి నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి ఒక్కో భాగం వాటంతట అవే వచ్చేస్తాయి. అత్తగారింట్లో పండగపూట ఫోన్ పట్టుకుని మూల కూర్చుంటే కుదరదు కాబట్టి, నాకిదే మేలనిపించింది. పదిహేనూ పంపేసి, హాయిగా ఊపిరి పీల్చుకుని, చీరలు సర్దుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో అప్పటికింకా తెలియలేదు.

ఆ కథలో ఉన్నది మా చందన. మా బావగారి కూతురు, ఆళ్లగడ్డలోనే డిగ్రీ ఆఖరి ఏడు చదువుతోంది. శ్రావణంలో వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులుంది. నేను రొట్టెలు కాలుస్తుంటే పక్కన నిలబడి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని, తన సంగతి చెప్పింది. అబ్బాయి పేరు ఎజ్రా. ఆళ్లగడ్డ రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే షెడ్డులో పని. వారమంతా దేవుళ్లను చెక్కుతాడు, ఆదివారం చర్చికి వెళతాడు. మా అత్తగారి రుబ్బురోలు అరిగి నున్నగైతే గాట్లు పెట్టడానికి ఆమే ఉగాది ముందు ఇతన్ని పిలిపించింది. రోలుకు ఏడాదికి ఒకసారి గాట్లు కొట్టిస్తే చాలు. ఇతను నాలుగుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఒక్క పక్క మాత్రమే కొట్టి, మిగతాది మళ్లీ వచ్చి చేస్తానని వెళ్లేవాడు. నాలుగోసారి మాత్రం రోలు అడుగున, ఆ గాట్ల మధ్యలో, చుట్టూ అయిదు, నడిమిన ఒకటి చిన్న చిన్న గుంటలు కొట్టి పోయాడు. చూస్తే ఏమీ కనిపించదు. రోలు కడిగేవాళ్ల వేళ్లకే అది పువ్వని తెలుస్తుంది. ఆ ఇంట్లో రోలు కడిగేది చందన.

ఇది విన్న వెంటనే ఆ పిల్ల కోసం నేను భయపడాలి. నేనేమో పెనం మీద రొట్టె మాడిపోతుంటే, ఈ పువ్వును ఎన్నో భాగంలో పెడితే బాగుంటుందో అని లెక్కలేసుకుంటున్నాను. రాసేవాళ్ల పాడుబుద్ధి అది. ఆళ్లగడ్డను గుంటూరు చేశాను. చందనను బ్యాంకు ఉద్యోగిని చేశాను. ఎజ్రాను హర్ష చేశాను, కులం గోత్రం మాట ఎత్తలేదు. రోలును మాత్రం మార్చబుద్ధి కాలేదు. మిక్సీ గిన్నెలో పువ్వు చెక్కలేం కదా. ఎనిమిదో భాగంలో పెట్టాను, అష్టమి నాడు వచ్చేటట్టు.

పంచమి రోజు మధ్యాహ్నానికి ఆళ్లగడ్డ చేరాం. కాళ్లు కడుక్కుని లోపలికి వెళుతుంటే వసారాలోంచి నాకు బాగా తెలిసిన మాటలు వినిపించాయి. "ఆమె చూపు నేల మీద వాలింది. అతని ఊపిరి ఆమె చెవిని తాకింది." మిషను గొంతు, భావమనేదే లేకుండా, బస్సుల వేళలు చదివినట్టు చదువుతోంది. మా అత్త ఉమామహేశ్వరమ్మ గోడకు ఆనుకుని శనక్కాయలు ఒలుస్తూ, ముందు పీట మీద ఫోన్ పెట్టుకుని నిన్నటి భాగం మళ్లీ వింటోంది. కంటి ఆపరేషన్ అయ్యాక అక్షరాలు సరిగ్గా కనిపించడం లేదని, చదివి వినిపించే ఈ యాప్‌ను చందనే పెట్టిచ్చిందట. పక్కింటి వెంకటలక్ష్మమ్మ, మా తోటికోడలు ప్రమీలక్క చెరో చాట ముందేసుకుని కూర్చున్నారు.

నా చేతిలో సంచి అక్కడే జారిపోయింది. ప్రయాణం బడలిక అనుకుని ప్రమీలక్క మంచినీళ్లు తెచ్చిచ్చింది. మంచం మీద మొహాన తువ్వాలు కప్పుకుని పడుకున్న మా బావ మద్దిలేటి, తువ్వాలు తియ్యకుండానే అన్నాడు: "రామ్మా ప్రసన్నా. కూచో. కత మంచి పట్టులో ఉంది."

మా బావ గట్టిగా అరిచే మనిషి కాదు. కోపం వచ్చిన కొద్దీ ఆయన గొంతు తగ్గుతుంది. అదే భయం. కోయిలకుంట్లలో మా పెద్దాడబిడ్డ కూతురొకతె ఎవరినో ఇష్టపడిందని తెలిసినప్పుడు, ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచకుండా మాట్లాడి వచ్చాడు. ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు. గోడ మీది ఫోటోలో ఆ పిల్ల ఉన్న సగం మడిచి పెట్టారు. పేరు ఎవరూ ఎత్తరు. నేను కూడా ఇక్కడ ఎత్తడం లేదు.

ఆ సాయంత్రమే మేడెక్కి యాప్ వాళ్లకు మెయిల్ పెట్టాను, ఎనిమిదో భాగం ఆపేయమని. జవాబు క్షణంలో వచ్చింది. దసరా శుభాకాంక్షలట, కార్యాలయానికి సెలవులట, ఏకాదశి నాడు మాట్లాడతారట. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. కథ మొత్తం తీసేద్దామని చూశాను, పోటీ ముగిసేదాకా కుదరదని వచ్చింది. నా ప్రాణం ఉసూరుమంది. పంచమి రాత్రి అన్నం సయించలేదు. పండక్కి ముందే ఉపవాసాలేంటని సురేష్ ఎగతాళి చేశాడు.

షష్ఠి రోజు చందనకు చెప్పక తప్పలేదు. పెరట్లో రోలు దగ్గరే, పప్పు కడుగుతూ ఉంది. చెప్పినంతసేపూ నేను నేల చూపులు చూస్తూనే ఉన్నాను. గిన్నెలోని పప్పు జారిపోతున్నా ఆ పిల్ల చూసుకోలేదు.

"నిన్ను నమ్మి చెప్పినా చిన్నమ్మా," అంది. "నాయన దినామూ ఇంటాండాడు," అంది. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం ఊరటగా ఉండేది.

సప్తమి రోజు నేను చేసిన పనులు చెప్పుకుంటే నవ్వులాటగా ఉంటుంది. అత్త స్నానానికి వెళ్లినప్పుడు ఆమె ఫోన్‌లో సినిమాలు పెట్టి డేటా అంతా అయిపోగొట్టాను. మధ్యాహ్నం బావ వచ్చి, అమ్మ కథ ఆగిపోకూడదని తనే రీచార్జి చేసి పోయాడు. ఛార్జింగ్ వైరు బియ్యం డబ్బాలో దాచాను. ప్రమీలక్క బియ్యం కొలుస్తుంటే బయటపడింది. ఎలుకల పనేమో అన్నాను. ఎలుకలు వైరును చుట్ట చుట్టి దాస్తాయా అని ఆమె అడగలేదు, అదే నా అదృష్టం.

అష్టమి సాయంత్రం నాలుగయింది. ఒక్క మేలు జరిగింది: బావ ట్రాక్టరు టైర్ల పని మీద కోయిలకుంట్ల పోయాడు. వసారాలో ఆడవాళ్లమే ఉన్నాం. మిషను గొంతు మొదలుపెట్టింది. హర్ష రావడం, రోలు ముందు కూర్చోవడం, ఏడాదిలో నాలుగోసారి ఉలి తీయడం. చందన లేచి లోపలికి వెళ్లిపోయింది. "చుట్టూ అయిదు, నడిమిన ఒకటి. రాయి మీద వికసించిన ఆ పువ్వు ఆమె వేళ్లకు మాత్రమే తెలుసు," అని చదివింది మిషను. నేను ఎంతో మురిసిపోయి రాసుకున్న వాక్యం.

అత్త చేతులు చాటలో ఆగిపోయాయి. ఒక్క క్షణమే. మళ్లీ ఒలవసాగింది.

వెంకటలక్ష్మమ్మ నవ్వుతూ అంది: "ఏందో ఉమామయేశ్వరమ్మా, మీ రోలుకు గూడ ఈ ఏడు నాలుగుసార్లు గాట్లు పెట్టిస్తిరి గదా. మీ రోట్లో ఏమన్నా పువ్వుందేమో చూడండి."

ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. నోట్లో మాట దాగని మనిషి, అంతే. రేపు ఆయుధపూజకు వస్తుంది, ఈ మాటే మా బావ ముందు మళ్లీ అంటుంది. నాకు తెలిసిపోయింది. ప్రమీలక్క కూడా నవ్వింది, కన్న తల్లి అయ్యుండి ఏమీ తెలియక.

తెల్లవారి అయిదింటికే మెలకువ వచ్చింది. పెరట్లోంచి గరగరమని శబ్దం. బావ, సురేష్ ట్రాక్టరు కడగడానికి కాలువకు తోలుకుపోయారు. ప్రమీలక్క తలకు పోసుకుంటోంది. నేను వెళ్లి చూస్తే అత్త రోలు ముందు కూర్చుని ఉంది. పక్కన గోడ పనికి తోలించిన ఇసుక ఒక తట్టెడు. రోట్లో ఇసుకా నీళ్లూ పోసి, రెండు చేతులతో పొత్రాన్ని అడుగుకంటా అదిమి తిప్పుతోంది. డెబ్బై ఏళ్ల మనిషి, చేతులు భుజాల పైకి లేవవు.

నేను తడికె పట్టుకుని నిలబడిపోయాను. ఆమె తల ఎత్తలేదు.

"వస్తివా. కూచో. పట్టు," అంది.

ఎదురుగా కూర్చుని పొత్రం పట్టుకున్నాను. ఇద్దరం తిప్పుతున్నాం. కాసేపయ్యాక ఆమె నీళ్లు పోసి ఇసుక తోడేసి, వేళ్లతో తడిమి, మళ్లీ కొత్త ఇసుక వేసింది. నా వేళ్లు కూడా తగిలాయి. చుట్టూ అయిదు, నడిమిన ఒకటి. ఆ పిల్ల చెప్పినట్టే ఉంది. నిజంగా ఉంది. రాసేటప్పుడు నేను దాన్ని చూడనైనా చూడలేదు.

"అత్తా, ఆ కథ రాసింది ఎవరో..." అని మొదలుపెట్టాను.

"మధురిమంట," అంది అత్త, పొత్రం ఆపకుండా. "నీ కడుపులో పిల్లకు పెట్టుకుంటానంటివి ఆ పేరు. ఆ పిల్ల దక్కలేదు. నువ్వూ మీ ఆయనా, అందరూ మరిచినారనుకుంటిరి. నాకు మరుపుంటాదా? ఆ పేరు ఫోన్లో వినపడినాకనే, ఆ కత చందనతో అడిగి పెట్టించుకున్నా."

నా చేతులు ఆగిపోయాయి. తిప్పమంది. తిప్పాను.

ఎండ తడికె మీదికి వచ్చేదాకా తిప్పుతూనే ఉన్నాం. నా అరచేతుల్లో బొబ్బలు లేచాయి. ఆమె మధ్యలో ఒక్కసారి మాత్రం ఆగి, ఊపిరి తీసుకుని, ముందుగా అనుకుని పెట్టుకున్నట్టుగా చెప్పింది: పండగవగానే చందనను నంద్యాలకు తీసుకుపోవాలి, అక్కడే మిగతా చదువు చదివించాలి, ఎవరడిగినా కోచింగ్ అని చెప్పాలి. ఆ పిల్లవాడి మాట ఏమిటని అడిగాను.

"నాకు ఆ పెండ్లి ఇష్టం లేదు," అంది. "సావు గూడ ఇష్టం లేదు. నా కండ్ల ముందర ఒక పిల్ల పోయింది సాలు."

ఆఖరిసారి కడిగినప్పుడు రోలు అడుగు ఇద్దరం తడిమి చూశాం. పువ్వు లేదు. చుట్టూ ఉన్న గాట్లు కూడా సగానికి సగం పోయాయి.

తొమ్మిదింటికి పూజ. బావ ట్రాక్టరుకు విభూతి పూసి, నిమ్మకాయలు తొక్కించి, కొడవళ్లకూ పారలకూ బొట్లు పెట్టుకుంటూ వస్తున్నాడు. వెంకటలక్ష్మమ్మ ప్రసాదం గిన్నె పట్టుకుని రానే వచ్చింది. వచ్చీ రాగానే, నిన్నటి కథలో ఏం జరిగిందో విన్నావా అప్పా అంటూ బావకు మొత్తం చెప్పింది, ఉలితో సహా, పువ్వుతో సహా. ఏడాదిలో నాలుగుసార్లని కూడా చెప్పింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. నా వెనక చందన ఉంది. ఆ పిల్ల ఊపిరి నా మెడకు తగులుతోంది, వేడిగా.

బావ నవ్వలేదు. కుంకుమ గిన్నె పట్టుకుని నేరుగా పెరట్లోకి నడిచాడు. రోలు ముందు గొంతుకూర్చున్నాడు. చెయ్యి లోపలికి పెట్టి, అడుగంతా నిదానంగా, వేళ్లు ఒక్కొక్కటే జరుపుతూ తడమసాగాడు. ఎంతసేపు తడిమాడో చెప్పలేను. ఏదైనా మిగిలిందేమో, ఒక్క గుంటైనా మిగిలిందేమోనని ఆ వేళ్లనే చూస్తున్నాను.

"మా," అన్నాడు అత్తతో. గొంతు బాగా తగ్గింది. "ఆ పనోడు ఎన్నితూర్లు వచ్చినాడు?"

"నాలుగు," అంది అత్త, ఓళిగ పిండి పిసుకుతూ. అబద్ధం ఆడుతుందనుకున్నాను, ఆడలేదు.

"ఎందుకు?"

"నువ్వే సూడు. యాడన్నా గాటుందా దాంట్లో? పని రాదు వానికి. కొట్టిందల్లా వారానికే అరిగిపాయ. రమ్మని రమ్మని నేనే పిలిపించినా. ఇంగ పిలవను."

బావ ఇంకోసారి చెయ్యి తిప్పాడు. తర్వాత లేచి, వేలితో రోలుకు బొట్టు పెట్టాడు. ఇక వాణ్ణి ఇంటికి రానీయొద్దని, కర్నూలు నుంచి గ్రైండరు తెప్పిస్తానని అన్నాడు. గొంతు మామూలుగా ఉంది. పోతూ పోతూ నా ముందు ఆగాడు.

"ఆ కత రాసే ఆమె ఏ ఊరు ప్రసన్నా? నీకు తెలిసుంటాది, సదువుకున్నదానివి."

నేను నోరు తెరిచే లోపలే, వెనక నుంచి అత్త, గుంటూరంట, అంది. ఆయన తల ఊపి ట్రాక్టరు దగ్గరికి పోయాడు.

ఆ పండగకు ఓళిగలన్నీ ప్రమీలక్కే తట్టింది, అత్త చేతులు పనిచేయక. పూర్ణం ఆ రోట్లోనే రుబ్బాల్సి వచ్చింది, వాడే రోలేనని బావ కళ్ల ముందు కనిపించాలి కాబట్టి. ఎంత కడిగినా ఇసుక పోలేదు. పళ్ల కింద కరకరమంది. బావ ఒకటి తిని, ఆ పనోడిని తిట్టి, మజ్జిగ తాగి లేచాడు. సురేష్ సగం వదిలేశాడు. అత్త నా విస్తట్లో రెండోది కూడా వేసింది. "తిను," అంది. "మన చేతులారా చేసుకున్నదే." తిన్నాను. ఆమె కూడా తినింది.

సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగలేదు. కథ ఇక బాగోలేదని, భక్తి పాటలు పెట్టమని అత్త చందనతో చెప్పింది. ఆ తర్వాతి భాగాలు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఆ పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది, రోలు భాగానికే అందరూ ఎక్కువ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్లు ఇప్పటికీ పూర్తిగా చదవలేదు నేను.

ఆ రోజే పొద్దుగూకేముందు, చందన రోలు కడగడానికి పెరట్లోకి వెళ్లింది. నేను వెంట వెళ్లాను. ఆ పిల్ల నీళ్లు పోసి, పీచుతో తోమి, అలవాటుగా వేళ్లను అడుగుకు పంపింది. వేళ్లు ఆగాయి. అటూ ఇటూ వెతికాయి. పొద్దున తన తండ్రి వెతికినట్టే, ఒక్కొక్కటే జరుపుతూ. ఆయనకు దొరకకూడదని నేను మొక్కుకున్నాను. ఈ పిల్లకైనా దొరికితే బాగుండునని అప్పుడనిపించింది.

"ఎవురు అరగదీసినారు చిన్నమ్మా?"

"నేనే," అన్నాను.

చందన చెంబు పక్కన పెట్టి, నా చెయ్యి తీసుకుని, అరచేయి పైకి తిప్పి చూసింది. బొబ్బలు చిట్లి ఎర్రగా ఉన్నాయి.

"అవ్వ చేతులు గూడ ఇట్లే ఉండాయి," అంది. "పొద్దున అన్నం ముద్ద కలుపుకోలేకపాయ. ఎందుకో అనుకుంటి."

నా చెయ్యి వదల్లేదు. అలాగే పట్టుకుని, రెండో చెయ్యి మళ్లీ రోట్లో పెట్టి, ఆ నున్నటి చోట ఉంచుకుని కూర్చుంది. లోపల ఎవరో దీపం పెట్టారు. ప్రమీలక్క, చీరలు ఎన్ని సర్దాలే చందనా నంద్యాలకు, అని పిలిచింది.